సముద్రం వేసిన అరుగు

ఆ ఉదయం బంగాళాదుంపల బస్తాతో నేను ఆటో దిగేసరికి బీచి లేదు.

సముద్రం ఉంది. సరుగుడు చెట్లు ఉన్నాయి. ఆ రెండింటికీ మధ్య, ముందురోజు సాయంత్రం దాకా జనం కాళ్ళు బారజాపుకుని మా అక్క వేసిన మిరపకాయ బజ్జీలు తిన్న ఇసుక మాత్రం లేదు. దాని చోట నల్లటి రాళ్ళు కూర్చుని ఉన్నాయి. ఒక్కొక్కటీ గేదె వీపంత. పాచి కూడా లేదు వాటి మీద, చింతపండు పెట్టి తోమినట్టు మెరుస్తున్నాయి. అక్కడ రాళ్ళున్నాయని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి ఎవరికి తెలుసు?

ఆటో అతను కూడా దిగి, బండికి ఆనుకుని అటూ ఇటూ చూశాడు.

"ఇదేటి సార్, రోడ్డు తప్పి ఒచ్చీసినామేటి?" అన్నాడు.

తప్పలేదు. మా అక్క కొట్టు బోర్డు కనిపిస్తూనే ఉంది. కాకపోతే అది ఒక గుంజకి వేలాడుతోంది, ఆ గుంజ గాలిలో వేలాడుతోంది.

నన్ను ఎక్కువగా హడలగొట్టింది ఏమిటంటే, ఆకాశం శుభ్రంగా ఉండడం. తుపాను లేదు, వాన లేదు, హెచ్చరిక లేదు. ఎండ చక్కగా కాస్తోంది. విశాఖపట్నంలో పుట్టి పెరిగినవాణ్ణి, తుపాను అంటే ఏమిటో తెలుసు. అది చెప్పి వస్తుంది, గోల చేసి పోతుంది. ఇది అలా కాదు. పున్నమి పోటు వచ్చింది, వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ బీచిని వెంట పట్టుకుపోయింది, అంతే.

కొట్టు అక్కడ ఎందుకు ఉందో చెప్పాలంటే నా తెలివితేటల గురించి కొంచెం చెప్పుకోవాలి. కొంచెమే, ఎక్కువ లేవు.

మాది వన్ టౌన్‌లో కొట్ల కుటుంబం. బెల్లం, చింతపండు, ఎండుమిర్చి. బస్తాల మధ్య పాకి, బస్తాల మీద నిద్రపోయి పెద్దవాణ్ణయ్యాను. మా సందులో ఒక పద్ధతి ఉంది. పొద్దున్న తలుపులు తీయగానే ప్రతి కొట్టూ కాస్త ముందుకి నడుస్తుంది. మిర్చి బస్తా గుమ్మం దాటి మెట్టు మీదికి వస్తుంది. ఎదురు కొట్టువాడు అది చూసి తన బెల్లం బుట్ట కాలువ పలక మీదికి జరుపుతాడు. మధ్యాహ్నానికి ఆటో పోవడానికి సందులో మిగిలింది సందు. గుమ్మం లోపల ఉన్నది సరుకు, గుమ్మం బయట ఉన్నదే వ్యాపారం అని మా ఇంట్లో నమ్మకం. ముందుకి జరిగినవాడు గెలిచినట్టు. వెనక్కి జరగడమన్నది చావు జరిగిన ఇంటివాళ్ళే చేస్తారు.

నేనైతే బేరంలో ఇంకో మెట్టు పైన ఉండేవాణ్ణి. బేరం తెగాక కొసరు అడగకపోతే నాకు రాత్రి అన్నం సయించదు. మందుల షాపులో కూడా కొసరు అడిగిన ఘనత నాది. షాపతను ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "ఏం జబ్బండీ మీకు?" అన్నాడు.

అక్కా వాళ్ళాయనకి నడుం పట్టేసి స్టీల్ ప్లాంటు వైపు చేసే బరువు పని మానేశాక ఇల్లు నడపడం అక్క మీద పడింది. మా అన్నయ్య ఆవిణ్ణి మళ్ళీ కొట్టులో కౌంటరు దగ్గర కూర్చోమన్నాడు. పెళ్ళికి ముందు ఏళ్ళ తరబడి కూర్చున్నదే అది. అక్క ఒప్పుకోలేదు. "నాకు నా పొయ్యి కావాలి. ఒకళ్ళ కౌంటరు ఇంక ఒద్దు" అంది. రుషికొండ దాటి భీమిలి వైపు వెళ్తుంటే సముద్రం పక్కన జాగా ఉందని ఎవరో చెప్పారు. బేరానికి నన్ను తీసుకెళ్ళింది. అక్కడే పొరపాటు జరిగింది.

జాగా మనిషిది ఆ పక్క ఊరే. నా ఈడువాడు. చూసిన నిమిషానికే బావా అని పిలవడం మొదలుపెట్టాడు. సరుగుడు చెట్ల వెనక, రోడ్డుకి ఆనుకుని ఉన్న ముక్క చూపించాడు. అప్పుడు మార్చి నెల. చెట్ల ముందు ఇసుక ఎంత వెడల్పుగా ఉందంటే, నీళ్ళ దాకా నడిచేసరికి చెప్పుల్లో కాళ్ళు కాలాయి. అంత ఖాళీ జాగా, పైసా అద్దె లేకుండా, ఒక్క బస్తా కూడా లేకుండా! నా కళ్ళు తిరిగాయి.

"కొట్టు ఆ ఇసుక మీద వేసుకుంటాం బావా" అన్నాను.

"ఆ ఇసక నాది కాదు బావా. నానెలగిత్తాను?"

"నీది కానప్పుడు ఇవ్వడానికి నీకేటి నొప్పి?"

అతను కాసేపు ఆలోచించాడు. బీడీ వెలిగించి మళ్ళీ ఆలోచించాడు.

"అదీ నిజివే. ఏసుకోండి మరి. అద్దె మాత్రం నా జాగాకే తీసుకుంతాను."

"రోడ్డు పక్కది మాది, ముందున్నది కొసరు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఇంటికి వెళ్ళే దారంతా అక్క ముందు ఆ బేరం గురించి పొగడ్తలు చెప్పుకున్నాను, నావి నేనే. సముద్రాన్ని కొసరుగా పుచ్చుకున్న మొదటి మనిషిని అనుకున్నాను.

వెదురు గుంజలు, తాటాకు, కింద నాపరాళ్ళు. వేసవి అంతా కొట్టు బాగా నడిచింది. మే నెల చివర్లో తీరం మీద ఒక వింత మొదలైంది. ఇసుక నీళ్ళ వైపు జారుగా దిగడం మానేసి, ఒకచోట కత్తితో కోసినట్టు తెగింది. మోకాలెత్తు గట్టు. చక్కగా అరుగులా ఉంది. వచ్చినవాళ్ళు దాని మీద కూర్చుని కాళ్ళు కిందికి వేలాడేసి తినేవాళ్ళు. బెంచీలు కొనాలని అక్క అనుకుంటున్న రోజులవి.

"చూశావా, సముద్రమే అరుగు వేసిచ్చింది. ఇంకెందుకు బెంచీలు?" అన్నాను. ఆ మాట అన్నది నేనే. సాక్షులున్నారు.

ఆ అరుగు రోజూ ఉండేది, కాకపోతే రోజూ ఒకే చోట ఉండేది కాదు. కొంచెం కొంచెంగా కొట్టు దగ్గరికి వస్తోంది. కూర్చునేవాళ్ళు దగ్గరికి వస్తున్నారు కదా, మంచిదే అనుకున్నాను. ఇసుక మీద నల్లని, ఎర్రని చారలు కూడా పడ్డాయి. చీర అంచులా ఉందని అక్క మురిసిపోయింది. ఫోటోలు తీసుకోవడానికి పిల్లలు వచ్చారు. ఆ రోజు బజ్జీలు మధ్యాహ్నానికే అయిపోయాయి.

ఆ అరుగు నడుచుకుంటూ వచ్చి వచ్చి ఆ పున్నమికి కొట్టు కింద దూరింది.

అక్క ఒక సరుగుడు చెట్టుకి ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో మూకుడు. పక్కన గ్యాసు పొయ్యి, సిలిండరు. అవి రోజూ రాత్రి జాగా మనిషి ఇంట్లో పెట్టి వెళ్ళేది, అందుకే మిగిలాయి. మిగతావి లేవు. జాగా మనిషి నెత్తి మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నానెప్పుడూ సూణ్ణేదు బావా. పక్కూర్లో సముద్రం ఇసక తిన్నీసిందని ఇన్నాను గానీ, మనికాడ ఇలగ... ఓలమ్మా, ఇన్ని రాళ్ళున్నాయేటి కింద!"

అతను కూడా నాలాగే నోరు తెరుచుకుని ఉండడం చూసి నాకు ఇంకా భయం వేసింది. అక్కడే పుట్టినవాడికే తెలియకపోతే ఇంక నాకేం తెలుస్తుంది.

నీళ్ళలో అక్క చెప్పు ఒకటి తేలుతోంది. ఏం చెయ్యాలో తెలియనప్పుడు మనిషి చిన్న పని పట్టుకుంటాడు. నేను చెప్పు కోసం దిగాను. అల దాన్ని ఏటవాలుగా ఒడ్డుకి తోసింది. వంగేలోపల నీళ్ళు తిన్నగా వెనక్కి లాక్కున్నాయి. మళ్ళీ ఏటవాలుగా పైకి, మళ్ళీ తిన్నగా కిందికి. వంగుతూ లేస్తూ నేను దాని వెంట పోయాను. చివరికి దొరికేసరికి వెనక్కి తిరిగి చూస్తే అక్కా, చెట్టూ దూరంగా చిన్నగా ఉన్నారు. ఎక్కడా పక్కకి వెళ్ళినట్టు అనిపించలేదు, అయినా భీమిలి వైపు చాలా దూరం వచ్చేశాను.

తిరిగి వచ్చేసరికి నా ఫోను మోగింది. అన్నయ్య. ఎవరు చెప్పారో, అప్పుడే తెలిసిపోయింది.

"అనుకున్నాను. సరే, దాన్ని తీసుకొచ్చెయ్యి. కౌంటరు ఖాళీగానే ఉంది" అన్నాడు.

స్పీకరు లేకపోయినా అన్నయ్య గొంతు అక్కకి వినిపించింది. బెల్లం కొట్టులో పెరిగిన గొంతు అది.

"పొయ్యి తడవలేదని చెప్పు" అంది అక్క. నా వైపు చూడలేదు. మూకుడులో ఇసుక ఉంటే అరచేత్తో తుడుస్తోంది.

చెప్పాను. ఫోను పెట్టేశాను. కానీ నాకు నిజంగా ఆశ లేదు. పొయ్యి తడవకపోతే సరిపోతుందా, దాన్ని పెట్టడానికి నేల ఉండాలి కదా. నేనే కదా ఆవిణ్ణి తీసుకెళ్ళి నేల కానిదాని మీద కూర్చోబెట్టింది.

ఆ పూటే ఒక మేడం వచ్చారు. యూనివర్సిటీలో రాళ్ళూ మట్టీ పాఠం చెబుతారు. నెలకోసారి విద్యార్థులతో వచ్చి కర్రలు పాతి, టేపు పట్టి బీచి వాలు కొలుస్తారు. పని అయ్యాక అక్క దగ్గర బజ్జీలు తినడం అలవాటు. ఆ రోజు కర్ర పాతడానికి ఇసుక లేక రాళ్ళ మధ్య తిరుగుతుంటే పట్టుకున్నాను.

"మేడం, ఇసుక ఎవరు పట్టుకెళ్ళారు?"

"ఎవరూ పట్టుకెళ్ళలేదండీ. చాలావరకు అక్కడే ఉంది" అని సముద్రంలోకి చెయ్యి చూపించారు. దూరంగా అలలు ఒక గీత మీద తెల్లగా విరుగుతున్నాయి. "ఒడ్డుకి రాకుండా అక్కడే ఎందుకు విరుగుతున్నాయి? కింద ఎత్తుగా ఉంది కాబట్టి. మీ బీచి అక్కడ దిబ్బగా పడి ఉంది."

నేను ఆ తెల్ల గీత కేసి చూస్తూ ఉండిపోయాను. ముందురోజు జనం కూర్చున్న ఇసుక అక్కడ, నీళ్ళ కింద!

"గోడౌన్లో వేసినట్టు" అన్నాను.

"ఏమిటీ?"

"షాపులో సరుకు తీసి గోడౌన్లో వేస్తాం కదండీ."

ఆవిడ నవ్వారు. "అలాగే అనుకోండి. నైరుతి గాలుల కాలంలో పెద్ద అలలు ఇసుకని లోపలికి లాగి దాస్తాయి. చలికాలం వచ్చాక చిన్న అలలు మెల్లగా తోసుకుంటూ తెచ్చి మళ్ళీ పరుస్తాయి. కానీ తాళం మీ దగ్గర లేదు. ఎంత తిరిగొస్తుందో ఎవరూ రాసివ్వరు."

"మొత్తం రాదా?"

"కొంత ఉత్తరానికి పోతుంది. ఈ కాలంలో అల ఏటవాలుగా ఎక్కుతుంది, తిన్నగా దిగుతుంది. ఇసుక రేణువు కూడా దానితో పాటు మెట్లు మెట్లుగా..."

నా చేతిలో ఇంకా చెప్పు ఉంది. దాన్ని చూసుకున్నాను. నేను పొద్దున్నంతా పరిగెత్తింది ఒక చెప్పు వెనకాల అనుకున్నాను. మొత్తం తీరమే అలా నడుస్తోంది నా కాళ్ళ పక్కన!

ఆ రోజు నాకు ఒకదాని మీద ఒకటి దెబ్బలు తగిలాయి. చీర అంచు అనుకున్న నల్ల చార గురించి అడిగాను. తేలిక ఇసుక పోయి, బరువైన నల్ల రేణువులూ ఎర్ర రేణువులూ మిగిలిపోతే అలా చారలు పడతాయట. చేటలో బియ్యం చెరిగితే పొట్టు పోయి బరువైనది మిగలడం మా ఇంట్లో రోజూ చూసినదే. సముద్రం నా కళ్ళ ముందు రోజుల తరబడి చెరుగుతుంటే నేను దాని ముందు జనాన్ని నిలబెట్టి ఫోటోలు తీయించాను.

మేడం చిటికెడు ఇసుక నా అరచేతిలో వేసి చిన్న భూతద్దం ఇచ్చారు. అప్పటిదాకా ఇసుక రంగు ఇసుక రంగే అనుకునేవాణ్ణి. అద్దంలో చూస్తే పటికబెల్లం ముక్కల్లాంటివి, దానిమ్మ గింజల్లాంటివి, ఆవాల్లాంటివి.

"ఇవన్నీ కొండలు" అన్నారు. "సింహాచలం కొండ ఉంది కదా, అలాంటివే. ఎండకీ వానకీ రాయి కుళ్ళుతుంది. మెత్తనిది ఎర్రమట్టి అయిపోతుంది. కుళ్ళనిది ఇదిగో, ఇది. గెడ్డలూ వాగులూ నదులూ సముద్రానికి తెస్తాయి. దక్షిణం నుంచి కూడా నడిచి వస్తుంది. సముద్రం దీన్ని తయారు చెయ్యదండీ, చాలామట్టుకు మోస్తుంది, అంతే."

మా కొట్టులో చింతపండు దింపితే ఏ ఊరిది, ఏ కాపు అని పది ప్రశ్నలు వేసే మనుషులం. నలభై ఏళ్ళుగా బీచికి వెళ్తున్నాను, ఈ సరుకు ఎక్కడిదని ఒక్కసారి అడగలేదు. మునక్కాయకి పుట్టుపూర్వోత్తరాలు అడిగినవాణ్ణి, కొండ ముక్కల మీద కొట్టు వేసి అది ఊరికే వచ్చిందనుకున్నాను.

చిన్నప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని వెళ్ళినప్పుడు, ఊళ్ళో బీచి రోడ్డు కింద లావుపాటి పైపులోంచి నల్లటి నీళ్ళు ఇసుక మీద దూకడం చూశాను. "మురికి, దగ్గరికి పోకు" అన్నాడు నాన్న. అది గుర్తొచ్చి మేడంతో అన్నాను. అది మురికి కాదట. హార్బరు గోడల దగ్గర ఆగిపోయే ఇసుకని తవ్వి, అవతల బీచికి పంపడమట. నడిచి వచ్చే దారిలో అడ్డం ఉంటే ఎత్తి అవతల వెయ్యాలి కదా. మరి ఇన్నేళ్ళూ నేను మరమరాల మిక్చరు తిన్న బీచి? అది కూడా మోసి తెచ్చి నింపిన సరుకేనా? మేడం ఏదో సర్దిచెప్పారు గానీ నా చెవికి ఎక్కలేదు.

మేము ఇలా మాట్లాడుతుంటే అక్క చెట్టు కింద నుంచి లేచి వచ్చింది. ఆవిడ అడిగింది ఒక్కటే.

"మేడం, ఇది రోడ్డు దాకా వచ్చేస్తుందా?"

"ఆ తీగ చూడండి" అన్నారు మేడం. సరుగుడు చెట్ల వెనక చిన్న దిబ్బ, దాని మీద ఊదారంగు పూల తీగ పాకి ఉంది. "గాలికి లేచిన ఇసుకని ఆ తీగ పట్టుకుని దిబ్బ చేసింది. అంత తీగ అల్లుకుందంటే కొన్నేళ్ళుగా అక్కడికి అలలు రాలేదన్నమాట. ఇకముందు రావని నేను చెప్పను. కానీ మీరు దాని వెనక ఉంటే నాకు నిద్ర పడుతుంది."

అక్క ఆ తీగ కేసి చూసింది. తర్వాత జాగా మనిషి కేసి చూసింది.

"మార్చిలో చూపించిన ముక్క ఖాళీయేనా?"

"మీదే కదమ్మా అది. అద్దె కడతన్నది దానికే" అన్నాడతను.

మూడోరోజుకే రోడ్డు పక్క పొయ్యి వెలిగింది. చెట్ల వెనక ఉండడంతో సముద్రం కనిపించదు. సముద్రం కనిపించకపోతే జనం ఆగరు. వర్షాకాలమంతా అక్క సగం పిండి ఇంటికి తీసుకెళ్ళింది. అన్నయ్య ఫోన్లు ఆగలేదు. "నీ ఇష్టం. కౌంటరు ఎక్కడికీ పోదు" అనేవాడు. అక్క పిండి కలుపుకుంటూ వినేది. ఆ నెలల్లో నేను ఆవిడ మొహం చూసి మాట్లాడలేకపోయేవాణ్ణి. ఉల్లిపాయలు మోసుకెళ్ళి దింపి, రాళ్ళ మీద నిలబడి, ఆ తెల్ల గీత ఇంకా ఉందా అని చూసి వచ్చేసేవాణ్ణి. గోడౌన్ చుట్టూ తిరిగే అప్పులవాడిలా.

దీపావళి తర్వాత కొన్నాళ్ళు మా బేరాల సీజను. వెళ్ళడం కుదరలేదు. జనవరిలో ఒక ఆదివారం వెళ్ళాను.

ఆటో దిగి చెట్లు దాటాను. దాటి, చెట్టు పట్టుకుని నిలబడిపోయాను.

ఇసుక. రాయన్నది లేదు. ఒక్కటి కూడా. నీళ్ళ దాకా పచ్చటి ఎండలో నున్నగా, ఎవరో రాత్రికి రాత్రి వచ్చి చాప పరిచినట్టు ఉంది. ఇసుక పోయిన రోజు కంటే ఇప్పుడే నాకు ఎక్కువ భయం వేసింది. పోవడానికైనా ఒక కారణం ఉంటుంది, కోపమనో పోటనో అనుకుంటాం. ఇంతదాన్ని ఎవరు తెచ్చారు, ఏ చప్పుడూ లేకుండా?

జాగా మనిషి పరిగెత్తుకొచ్చాడు. "సూసినావా బావా! ఒచ్చీసింది! మళ్ళీ ముందుకి ఏసీద్దావేటి కొట్టు?"

నా నాలుక చివర దాకా అవునని వచ్చింది. ఒప్పుకుంటాను. నరాల్లో ఉన్న జబ్బు అది.

"ఏటక్కర్లేదు" అంది వెనక నుంచి అక్క. పది చాపలు చుట్టి చంకలో పెట్టుకుని వస్తోంది. "పొయ్యి అక్కడే. చాపలు ఇక్కడ. సాయంత్రం చుట్టి పట్టికెళ్ళిపోతాను. మే నెల ఒస్తే చాపలు కూడా రావు."

అప్పుడు గమనించాను, అప్పటికే కొన్ని చాపల మీద జనం ఉన్నారు. ప్లేట్లు చెట్ల సందులోంచి పొయ్యి దగ్గరికీ చాపల దగ్గరికీ తిరుగుతున్నాయి. ఎన్నాళ్ళుగా నడుస్తోందో ఈ ఏర్పాటు, నాతో అనలేదు. బేరానికి నన్ను పిలవలేదు కూడా.

"అన్నయ్య?" అన్నాను.

"పోయిన ఆదివారం పిల్లల్తో వచ్చి తిని వెళ్ళాడు. కౌంటరు మాట ఎత్తలేదు."

అక్క చాపలు పరుస్తూ ముందుకి వెళ్ళింది. నేను ఆగలేకపోయాను. అతి పెద్ద రాయి ఎక్కడ ఉండేదో నాకు బాగా గుర్తు, రెండు జంట చెట్లకి సూటిగా. అక్కడికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని తవ్వడం మొదలుపెట్టాను. మోచెయ్యి దాకా తవ్వాను, రాయి తగల్లేదు. భుజం దాకా తవ్వాను. తడి ఇసుక, ఇంకా తడి ఇసుక. గుంట అంచు కూలి మళ్ళీ పూడుకుపోతోంది. గేదె వీపంత రాయి, దాని మీద నా ఒక చెయ్యి పొడుగుని మించిన ఇసుక! చాపల మీద వాళ్ళు తినడం ఆపి నన్నే చూస్తున్నారు. చంక దాకా చెయ్యి పెట్టి, చెంప ఇసుకకి ఆనించి, వేళ్ళు ఇంకా కిందికి చాపాను.

"ఏం పోయిందిరా అక్కడ?" అని అక్క అరిచింది.

"రాళ్ళు."

"రాళ్ళు పోతే వెతుకుతారట్రా ఎవరైనా! లే, లే. జనం ఒచ్చేస్తన్నారు, మిరపకాయలు చీల్చాలి."